పిన్ కొట్టారంటే తప్పు మనదేనా?

ప్రశ్న: మా మామయ్యగారికి 71 ఏళ్లు. రెండో శనివారానికి ముందు రోజు సాయంత్రం ఆనంద్‌బాగ్‌లో ఏటీఎంకి వెళ్లారు. మెషిన్ కార్డు తీసుకోకపోతే వెనకాలున్న కుర్రాడు "ఇటివ్వండి అంకుల్" అని తీసుకుని, తుడిచి ఇచ్చాడట. అరగంటలో ఎవరో రెండుసార్లు పదివేల చొప్పున డ్రా చేశారు, ఒక షాపులో రూ.18,400 స్వైప్ చేశారు. మేం తిడతామని ఆయన బుధవారం దాకా నోరు విప్పలేదు. ఆ రోజే కార్డు బ్లాక్ చేయించాం, ఒక నంబరు ఇచ్చారు. బ్రాంచిలో మాత్రం "ఐదు రోజులైంది, పైగా పిన్ కొట్టారు, బాధ్యత మీదే" అంటున్నారు. ఇక ఆ డబ్బు రానట్టేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: రానట్టే అని ఇప్పుడే అనుకోకండమ్మా. ముందు మామయ్యగారి దగ్గరున్న కార్డు చివరి నాలుగు అంకెల్ని డబ్బు పోయినట్టు బ్యాంకు పంపిన మెసేజ్‌లలోని అంకెలతో పోల్చి చూడండి. అవి కలవవనే, తుడిచే నెపంతో వాడు కార్డు మార్చేశాడనే నా అనుమానం. నేను బ్యాంకు కౌంటర్‌లో పనిచేసిన రోజుల్లో ఒక పెద్దాయన కార్డు నా ముందు పెట్టి, "ఇది నా జేబులోనే ఉంది కదా బాబూ, డబ్బెలా పోయింది?" అని అడిగారు. వెనక్కి తిప్పితే సంతకం చోట ఇంకెవరిదో పేరు. అదే రంగు, అదే బ్యాంకు. మీ దగ్గరున్నదీ అలాంటిదే అయితే పారేయకండి. రెండువైపులా ఫొటో తీసి దాచండి.

ఇక ఆ ఐదు రోజుల లెక్క. అది తప్పు. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం లెక్కపెట్టాల్సింది మీ బ్రాంచి పనిదినాలు. మెసేజ్ వచ్చిన రోజు కలపరు. శుక్రవారం పోయింది. రెండో శనివారం, ఆదివారం సెలవులు. సోమ, మంగళ, బుధ... మూడో రోజే మీరు చెప్పారు. బ్లాక్ చేసినప్పుడు ఇచ్చిన నంబరే అందుకు రుజువు. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడోవాడిదైతే, మూడు పనిదినాల్లోపు చెప్పినవారిపై పైసా భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెప్పినా, మామూలు సేవింగ్స్ ఖాతాకైతే ఒక్కో లావాదేవీకి పదివేలకు మించి మీ మీద వేయకూడదు.

చిక్కంతా పిన్ దగ్గరే. ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయిందని తేలితే, ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు ఆయనదే. కానీ అజాగ్రత్త అని రుజువు చేయాల్సింది బ్యాంకు. "పిన్ కొట్టారు" అన్నంత మాత్రాన రుజువైపోదు. మామయ్యగారు పిన్ నోటితో చెప్పారా, ఆయన నొక్కుతుంటే వాడు పక్కనుంచి చూశాడా? మెల్లగా అడిగి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు బ్యాంకుకు ఉత్తరం రాయండి. ఇక్కడ అబద్ధం రాస్తే కేసు మొత్తం చెడుతుంది.

ఉత్తరంలో ఏటీఎం చోటు, సమయం రాసి, ఆ కెమెరా ఫుటేజ్ భద్రపరచమని అడగండి. రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా ఫోన్ చేయకపోతే ఇది చదువుతుండగానే చేయండి, పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వండి. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలని, 90 రోజుల్లో తేల్చాలని అదే సర్క్యులర్ చెబుతోంది. ఆ మాట కూడా ఉత్తరంలో రాయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు.

ఒక్క విన్నపం. కొత్త కార్డు వచ్చాక దాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోకండి. తిడతారన్న భయంతోనే కదా ఆయన ఇన్ని రోజులు దాచారు! ఆ బుధవారం కాస్తా గురువారమై ఉంటే మూడు రోజుల గడువు దాటిపోయేది. బ్యాంకు యాప్‌లో రోజుకు తీసే పరిమితి ఐదువేలకు తగ్గించండి, ఆయనకు అవసరం లేకపోతే షాపుల్లో స్వైప్, ఆన్‌లైన్ వాడకం ఆపేయండి. పక్కన కూర్చుని, ఆయన చేతే చేయించండి.