"తగ్గుతుంది" అని రాసేముందు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: "ఫోలేట్ ఉన్న ఆకుకూరలు తింటే గుండెపోటు ముప్పు సగానికి తగ్గుతుంది." ఫోలేట్ ఒక బి విటమిన్, అంతవరకు సరే. ఆ "తగ్గుతుంది" గురించే ఈ ఉత్తరం.

నువ్వు చూసింది 2001లో వచ్చిన ఫిన్లాండ్ కువోపియో అధ్యయనం. 42 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు 1,980 మంది నాలుగు రోజులపాటు ఏమేం తిన్నారో రాసిచ్చారు. తర్వాత దాదాపు పదేళ్లు వాళ్లను గమనించారు. అందరికన్నా ఎక్కువ ఫోలేట్ తిన్న అయిదో వంతు మందికి, అందరికన్నా తక్కువ తిన్నవాళ్లతో పోలిస్తే, గుండెపోటు ముప్పు సగం కన్నా తక్కువ. అంకె నిజమే. కానీ ఎవరికీ ఏమీ తినిపించి చూడలేదు. ఆకుకూరలు, పళ్లు బాగా తినే మనిషికి ఇంకా ఎన్నో మంచి అలవాట్లు ఉండొచ్చు. పరిశోధకులు అవన్నీ లెక్కలో సర్దుతారు, అయినా వాటి ప్రభావం కొంత మిగిలిపోతుంది. కాబట్టి "ఎక్కువ తిన్నవాళ్లలో తక్కువగా కనిపించింది" అని రాయి.

రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెరిగితే రక్తనాళాలు దెబ్బతింటాయని 1969లో అమెరికా వైద్యుడు కిల్మర్ మెక్‌కల్లీ అన్నాడు. ఫోలేట్ దాన్ని దించుతుంది. మరి ఫోలేట్‌ని ఫోలిక్ యాసిడ్ మాత్రగా వేస్తే సరిపోదా? వేసి చూశారు. 2006లో నార్వేలో గుండెపోటు వచ్చిన 3,749 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. హోమోసిస్టీన్ దిగింది, గుండెపోట్లు తగ్గలేదు. 2015లో చైనాలో 20 వేలకు పైగా బీపీ రోగుల మీద చేసిన పరీక్షలో, బీపీ మందుకి ఫోలిక్ యాసిడ్ కలిపితే పక్షవాతం అయిదో వంతు తగ్గింది. గుండెపోటు మాత్రం తగ్గలేదు. ఈ సగం కథ నీ వ్యాసంలో లేదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఒకప్పుడు నేనూ నీలాగే మొదటి సగమే రాశాను. కొన్నాళ్లకి ఒక పెద్దాయన ఇంటికొచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన నా వ్యాసం తీశాడు. మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది. "మీరు రాశారు కదా బాబూ, బీపీ మాత్ర మానేసి ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటున్నా" అన్నాడు. అప్పటికప్పుడు ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ కాగితం ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతుంది.

అలాగని మాత్ర పనిచెయ్యలేదు కాబట్టి ఆకుకూర దండగ అని రాయకు. అది ఇంకో తప్పు. కూరలో, పప్పులో ఫోలేట్ ఒక్కటే ఉండదు, పీచు, పొటాషియం కూడా ఉంటాయి. బి12 విటమిన్ లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ మాత్రలు సొంతంగా వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించి, లోపల నరాలు దెబ్బతినొచ్చు. మన శాకాహారుల్లో ఈ లోపం ఎక్కువ కాబట్టి ఈ మాట తప్పకుండా చేర్చు.

మీ అమ్మమ్మ పెసరపప్పులో పాలకూర వేసే పేరా మాత్రం తియ్యకు. ఆకు విడిగా ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ సగం దాకా ఆ నీళ్లతోనే పోవచ్చని, ఆవిడ పప్పులోనే ఉడికిస్తుంది కాబట్టి చాలావరకు గిన్నెలోనే ఉంటుందని అక్కడే ఒక వాక్యం కలుపు. సవరించి ఆదివారంలోగా పంపు, చదువుతాను.