అమ్మ పేరు పక్కకి జరిగింది

చి. అమ్మాయికి,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. నాగార్జునకొండ దగ్గరి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వీధులు బాగా కళ్ళకు కట్టాయి. కానీ ఇక్ష్వాకులు పోగానే ఆడవాళ్ళందరినీ ఒక్క రాత్రిలో గడప లోపలికి పంపేశావేం? యుగం మారిందని ఏ ఇంట్లోనూ చెప్పుకోరు. పెళ్ళి సంబంధంలోనో, పిల్లాడి పేరులోనో అది మెల్లగా బయటపడుతుంది.

నాగార్జునకొండ శాసనాలు మళ్ళీ చదువు. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, కట్టించింది. ఇద్దరిదీ ఒకే పుట్టిల్లు. భోజనాల దగ్గర వాళ్ళేం మాట్లాడుకున్నారో శాసనం చెప్పదు, నువ్వే రాయాలి. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్ళిద్దర్నీ చేసుకున్నాడు. శాంతిశ్రీ కూడా ఒక శాసనంలో అతన్ని అల్లుడనే అంది. మనకిది విడ్డూరమా? మేనల్లుడన్న మాటలోనే అల్లుడున్నాడు. మేనరికం చేసుకున్న మా అమ్మమ్మ, "అత్తారిల్లేమిటే, మా అత్తయ్య ఇల్లే" అనేది. నీ నవల్లోని కుమ్మరి కుటుంబం గురించి శాసనాలు పెద్దగా మాట్లాడవు కాబట్టి, అక్కడ ఇలాంటి అమ్మమ్మలే నీకు దిక్కు. శాంతమూలుడు పోయాక ఆయన జ్ఞాపకంగా ఛాయాస్తంభం నిలిపిందీ ఆ ఇంటి ఆడవాళ్ళే: తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు.

ఆ రాజులు వాసిష్ఠీపుత్రుడు, మాఠరీపుత్రుడు అని తల్లి పేరుతో చెప్పుకున్నారు. రాజ్యం మాత్రం తండ్రి నుంచి కొడుక్కే వచ్చింది, అందుకని మాతృస్వామ్యం అని రాసెయ్యకు. తర్వాత వేంగిని ఏలిన శాలంకాయన వంశం రాగిరేకుల్లో రాజు 'బప్పభట్టారక పాదభక్తుడు' అయ్యాడు, అంటే నాన్నగారి పాదాలకు భక్తుడు. అమ్మ పక్కకి జరిగింది. పూర్తిగా పోలేదులే. 7వ శతాబ్దంలో వేంగికి వచ్చిన చాళుక్యులు కూడా 'హారితీపుత్రులం' అన్నారు. కాకపోతే అప్పటికది కన్నతల్లి పేరు కాదు, వంశమంతా మోసే బిరుదు. నీ రెండో అధ్యాయంలో చెర, సంకెళ్ళు అంటూ నాలుగు పేజీలు నింపావు. అవి కొట్టేసి, కొడుక్కి తన పేరు తగలదని ఒక తల్లికి తెలిసిన రోజు రాయి. నాకైతే నవల అక్కడే కనిపిస్తోంది.

ఇంకోటి. శాలంకాయనుల కాలపు వంటింట్లో నీ ముసలావిడ మిరపకాయలు నూరుతోంది. అవి పోర్చుగీసు ఓడల్లో రావడానికి ఇంకా వెయ్యేళ్ళ పైమాటే. పాపం, ఆవిడకి మిరియాలివ్వు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు