ఎన్నికైన, సైన్యం నియమించిన సభ్యులు: ఒక కామా తెచ్చిన చిక్కు

సందేహం: మాస్టారూ, పోటీ పరీక్షలకు తెలుగులో నోట్సు రాసుకుంటున్నాను. "మయన్మార్ పార్లమెంటులో ఎన్నికైన, సైన్యం నియమించిన సభ్యులు ఉంటారు" అని రాస్తే మా అన్నయ్య చదివి, "ఎన్నికైనవాళ్లని మళ్లీ సైన్యం నియమించడమేంటే?" అని నవ్వాడు. నా వాక్యంలో తప్పుందా? "నామినేటెడ్ సభ్యులు" అంటే సరిపోతుందా? ఇంకొకటి, అక్కడి ఎగువ సభను ఒకచోట "జాతీయ సభ" అనీ ఇంకోచోట "జాతుల సభ" అనీ చూశాను. ఏది రాయాలి? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

సమాధానం: మీ అన్నయ్య నవ్వులో కొంత న్యాయం ఉందమ్మా. వ్యాకరణం ప్రకారం మీ వాక్యం తప్పు కాదు, కానీ రెండు రకాలుగా అర్థమవుతుంది, పరీక్ష పేపరు దిద్దేవాడికి రెండో అర్థమే ముందు తడితే మార్కు పోతుంది.

"కడిగిన, తరిగిన కూరగాయలు" అంటే ఏమనుకుంటాం? అవే కూరగాయల్ని కడిగారు, తరిగారు. అదే "వచ్చిన, రాని చుట్టాలు" అంటే రెండు గుంపులని చెప్పకుండానే తెలుస్తుంది, ఎందుకంటే ఒకే మనిషి పెళ్లికి రావడమూ రాకపోవడమూ కుదరదు. అంటే రెండు విశేషణాలు కామాతో పక్కపక్కన నిలబడ్డప్పుడు అవి ఒకరికే చెందుతాయా, ఇద్దరికి పంచాలా అన్నది వ్యాకరణం చెప్పదు, లోకజ్ఞానం చెబుతుంది. ఇక్కడ మన లోకజ్ఞానమే అడ్డం తిరిగింది. ఎమ్మెల్యేగా ఎన్నికైనవాణ్ణే మంత్రిగానో విప్‌గానో నియమించడం మనం రోజూ చూసేదే కదా, కాబట్టి ఎన్నిక, నియామకం రెండూ ఒకే మనిషికి అతకడం తెలుగు చెవికి వింతగా అనిపించదు. నియమించినది సైన్యం అన్నదొక్కటే మీ అన్నయ్యకు వింతగా తోచింది.

కామా తీసి "మరియు" పెడితే బాగుపడుతుందేమో అనుకునేరు, పడదు. "ఎన్నికైన మరియు సైన్యం నియమించిన సభ్యులు" అన్నా గొడవ అక్కడే ఉంటుంది, పైగా వాక్యం ప్రభుత్వ జీవోలా తయారవుతుంది. మన భాషలో రెంటిని కలపడానికీ విడివిడిగా నిలపడానికీ దీర్ఘం ఉంది, దాన్నే వాడండి: "ఎన్నికైనవారూ సైన్యం నియమించినవారూ ఉంటారు". "వారు" రెండుసార్లు వచ్చేసరికి గుంపులు రెండని వేరే చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ వ్యాకరణం. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది కర్త సంగతి. చాలామంది "ఎన్నుకోబడిన, నియమింపబడిన సభ్యులు" అని రాస్తారు. ఈ "బడు" మహా సౌకర్యం, ఎవరు చేశారో చెప్పకుండా తప్పించుకోవచ్చు. కానీ మయన్మార్ విషయంలో ఎవరు చేశారన్నదే అసలు సంగతి. "ప్రజలు ఎన్నుకున్నవారు, సైన్యం నియమించినవారు" అనండి, సగం రాజ్యాంగం ఆ నాలుగు మాటల్లో వచ్చేస్తుంది. "నామినేటెడ్" వద్దంటున్నదీ అందుకే. మనకు ఆ మాట వినగానే రాజ్యసభలో రాష్ట్రపతి నియమించే 12 మంది, సాహిత్యం, సైన్సు, కళలు, సమాజసేవ, లేదంటే గవర్నర్ కోటా ఎమ్మెల్సీలు గుర్తొస్తారు. మయన్మార్ పార్లమెంటులో కూర్చునేది యూనిఫాం వేసుకున్న ఆఫీసర్లు. వాళ్ల పేర్లు ఇచ్చేది దేశాధ్యక్షుడు కాదు, సైన్యాధిపతి. (ఇక్కడ "సర్వసైన్యాధ్యక్షుడు" అని రాయకండి, అది మన రాష్ట్రపతికి వాడే మాట. అక్కడ దేశాధ్యక్ష పదవి వేరు, సైన్యాధిపతి పదవి వేరు.)

మాటల పుట్టుక కూడా సరదాగా ఉంది. "ఎన్ను" అంటే లెక్కపెట్టడం, తప్పులెన్నడం అంటామే, ఆ ఎన్నడమే. ఎన్నికలో లెక్క పుట్టుకతోనే ఉందన్నమాట. "నియమించు"లో ఉన్నది "యమ్" ధాతువు, అదుపులో పెట్టడం అని. "నియుక్తుడు"లో ఉన్నది "యుజ్", కాడికి కట్టడం. పై నుంచి వచ్చిన ఆర్డరుకు కట్టుబడి ఓటేసే సభ్యుడికి రెండూ బాగానే కుదురుతాయి. ఇది పరీక్షలో రాయకండి, ఊరికే చెప్పాను.

"సైనిక సభ్యులు" అని పొట్టిగా రాయొచ్చు కదా అంటారేమో. హెడ్డింగులో చోటు లేకపోతే సరే, పేరాలో మాత్రం వద్దు. ఎందుకంటే ప్రజలు ఎన్నుకున్నవారిలోనూ మాజీ జనరళ్లు ఉన్నారు. థేన్ సేన్ 2010లో యూనిఫాం విడిచి, సైన్యం అండ ఉన్న యూఎస్‌డీపీ పార్టీ తరఫున ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో గెలిచి, 2011 మార్చిలో దేశాధ్యక్షుడయ్యాడు. ఆయన సైన్యం నుంచి వచ్చినవాడే కానీ సభలో సైన్యం నియమించిన సభ్యుడు కాడు. "సైనిక సభ్యులు" అంటే ఆయన అందులో ఉన్నట్టా, లేనట్టా?

మీరు అడగకపోయినా అంకెల దగ్గర ఇంకో మాట. 2008 రాజ్యాంగం ప్రకారం దిగువ సభలో 440 స్థానాలు, అందులో 110 సైన్యానివి. ఎగువ సభలో 224, అందులో 56 సైన్యానివి. రెండూ కలిపితే 664, సైన్యం వాటా 166, సరిగ్గా పావు వంతు. రాజ్యాంగంలో ముఖ్యమైన భాగాలు మార్చాలంటే "75 శాతం ఓట్లు కావాలి" అని తెలుగులో చాలాచోట్ల రాసేస్తుంటారు. అది తప్పు. కావలసింది 75 శాతం కంటే ఎక్కువ. ఇంత చిన్న తేడాకు టెన్షన్ ఎందుకంటారా? 664లో 75 శాతం 498. ప్రజలు ఎన్నుకునేవారి సంఖ్య కూడా కాగితం మీద సరిగ్గా 498. అంటే ఎన్నికైనవాళ్లంతా పార్టీలు మరచి చేతులెత్తినా ఒక్క ఓటు తక్కువే, ఆ 499వ చెయ్యి యూనిఫాంలో ఉన్నదే అయ్యుండాలి. 2020 మార్చిలో ఆంగ్ సాన్ సూకీ పార్టీ సైన్యం వాటాను ఎన్నికకో మెట్టు చొప్పున తగ్గిద్దామని సవరణ తెస్తే వీగిపోయింది. కాబట్టి "75 శాతానికి మించి" అని రాయండి, "కనీసం 75 శాతం" అన్నారంటే ఆ దేశ రాజకీయమే తారుమారవుతుంది.

ఇక జాతీయమా, జాతులా? "జాతుల సభ" రాయండి, నాకు ఇందులో అనుమానం లేదు. బర్మీస్‌లో ఎగువ సభ పేరు అమ్యోథా హ్లుత్తా. "అమ్యో" అంటే జాతి, వంశం, రకం, అచ్చం మన "జాతి"లాగే ("మేలు జాతి ఆవు" అంటాం, "తెలుగు జాతి" అనీ అంటాం). ఆ దేశంలో 7 రాష్ట్రాలు, 7 ప్రాంతాలు ఉన్నాయి. కాచిన్, కయా, కరెన్, చిన్, మాన్, రఖైన్, షాన్ అనే 7 రాష్ట్రాలకూ అక్కడి జాతుల పేర్లే. జనాభా ఎంతున్నా ఒక్కో రాష్ట్రానికీ ప్రాంతానికీ 12 మంది చొప్పున 168 మంది ఎన్నికై వచ్చేది ఈ సభకే. "జాతీయ సభ" అంటే మన పాఠకుడు మొత్తం పార్లమెంటునే అనుకుంటాడు. దిగువ సభ ప్యీథూ హ్లుత్తాను "ప్రజా సభ" అంటే చాలు, "ప్యీథూ" అంటే ప్రజలే.

హ్లుత్తా అన్న మాటేమో పాతది, మాండలేలో రాజులున్న కాలంలో మంత్రుల సభకు ఆ పేరు. చివరి "తా" రాచమర్యాద చూపే ప్రత్యయం. సైన్యానికి వాడే "తత్‌మడా"లోని "డా" కూడా అదే, మన "వారు", "గారు"లాంటి గౌరవం అనుకోండి. 2021 ఫిబ్రవరి 1న, కొత్త పార్లమెంటు కొలువుతీరాల్సిన రోజునే సైన్యం అధికారం లాక్కున్నాక, అక్కడ చాలామంది ఆ గౌరవం మాకొద్దని "తత్‌మడా" మానేసి ఉత్త "సిట్‌తత్" అంటున్నారు. మనకు కోపమొస్తే ముందు "గారు" ఎగిరిపోయినట్టు! తెలుగులో "సైన్యం" అనేస్తాం కాబట్టి మీకు ఈ తలనొప్పి లేదు.

మయన్మారా, బర్మానా అని మీరు అడగలేదు కానీ, విశాఖవారు కాబట్టి చెబుతున్నాను. మీ ఊళ్లో బర్మా క్యాంపు ఉంది, అది బర్మా క్యాంపే, దాన్ని మయన్మార్ క్యాంపు చెయ్యక్కర్లేదు. మన పెద్దలు "రంగం వెళ్లాడు" అన్న రంగం కూడా రంగూనే. 2008 రాజ్యాంగం గురించి రాసేటప్పుడు మాత్రం మయన్మార్ అనండి, 1989 నుంచి అధికారికంగా వాడుతున్న పేరు అదే.

మీ నోట్సులో ఇలా మార్చుకోండి: "మయన్మార్ పార్లమెంటులోని ప్రజా సభలోనూ, జాతుల సభలోనూ ప్రజలు ఎన్నుకున్నవారు మూడు వంతులు, సైన్యాధిపతి నియమించినవారు ఒక వంతు ఉంటారు." అన్నయ్యకు చూపించండి, ఇంకా నవ్వితే ఆయన్నే ఓ ఉత్తరం రాయమనండి.