కొవిడ్ ఐసీయూ అప్పులకు పీఎఫ్ ఖాళీ చేయొచ్చా?

ప్రశ్న: మాది బెంగళూరు కేఆర్ పురం. మావారికి 44 ఏళ్లు. 2021 మేలో కొవిడ్‌తో 24 రోజులు ఐసీయూలో ఉన్నారు. ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలాయి, ఇప్పటికీ రాత్రిళ్లు ఆక్సిజన్ మెషీన్ పెట్టుకుంటారు. అదే కంపెనీలో తేలిక పనికి మారడంతో జీతం 78 వేల నుంచి 46 వేలకు పడింది. నాకు 28 వేలు వస్తాయి. బంగారం మీద రూ.3.2 లక్షల అప్పు, కార్డు బాకీ రూ.1.1 లక్షలు (నెలకు 5,500 కడుతున్నాం), పర్సనల్ లోన్ ఇంకా 10 వాయిదాలు. ఆయన పీఎఫ్‌లో రూ.6.4 లక్షలున్నాయి. ఉద్యోగం మానేసి, అది తీసి అన్నీ కట్టేస్తానంటున్నారు. సొంతంగా హెల్త్ పాలసీ తీసుకుందామంటే, ఐసీయూ సంగతి రాయొద్దని ఏజెంటు చెబుతున్నాడు. కరెంటు బిల్లు కూడా సున్నా నుంచి రెండు వేల దగ్గరకు పోయింది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆయన్ని ఉద్యోగం మాననివ్వకండి. జీతం ఒక్కటే కాదు, ఈ ఆరోగ్యంతో బయట టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) దొరకడం కష్టం. పీఎఫ్ సభ్యుడిగా కొలువులో ఉన్నంతకాలం ఈడీఎల్‌ఐ అనే, పీఎఫ్‌తోపాటు వచ్చే జీవిత బీమా పథకం కింద నామినీకి గరిష్ఠంగా రూ.7 లక్షల బీమా ఉంటుంది, దానికి ఆయన జీతంలోంచి పైసా కోత పడదు. రాజీనామా ఇస్తే అదీ పోతుంది, కంపెనీ గ్రూపు హెల్త్ పాలసీ కూడా పోతుంది. పీఎఫ్ పోర్టల్‌లో ఈ-నామినేషన్ ఒకసారి తెరిచి చూడండి. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు.

అప్పుల్లో కార్డును మాత్రం వెంటనే వదిలించుకోవాలి. నెలకు 3.5 శాతం లెక్కన వడ్డీ రూ.3,850, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.693. మీరు కట్టే ఐదున్నర వేలలో అసలుకు చేరేది వెయ్యి కూడా లేదు. ఈ ఒక్క బాకీకే పీఎఫ్ ముట్టుకోండి. ఉద్యోగంలో ఉంటూనే ఫారం 31తో అనారోగ్యం కారణంగా అడ్వాన్సు అడగొచ్చు. ఎంతవరకు ఇస్తారో పోర్టల్‌లోనే కనిపిస్తుంది. తిరిగి కట్టక్కర్లేదు. కొవిడ్ అడ్వాన్సు వేరే, దాన్ని 2024 జూన్‌లోనే ఆపేశారు. ఇప్పిస్తామనేవాళ్లకు డబ్బులివ్వకండి. దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బ్యాంకు ఖాతాలో ఒక్క పొడి అక్షరమే ఉండటం మన తెలుగువాళ్లకు మామూలు. ముందు అది సరిచేయించుకోండి.

బంగారం విషయంలో చాలామంది చేసే తప్పు, ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకోవడం. అసలు అంగుళం కదలదు. ఈసారి రెన్యువల్‌కు వెళ్లినప్పుడు నగల్ని రెండు మూడు వేర్వేరు ఖాతాలుగా పెట్టమని అడగండి. అన్నీ ఒకే లోన్‌లో ఉంటే గాజుల జత విడిపించాలన్నా మొత్తం కట్టమంటారు. కార్డు తీరాక మిగిలే 5,500 నెలనెలా చిన్న ఖాతా అసలులో వేయండి. పర్సనల్ లోన్ అలాగే నడవనివ్వండి.

ఇక ఏజెంటు మాట. కమీషన్ ఆయనకు, క్లెయిమ్ తిప్పలు మీకు. పాలసీ మొదలై 60 నెలలు నిండేదాకా, పాత జబ్బు చెప్పలేదన్న కారణంతో బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించొచ్చు. మోసం అని తేలితే ఆ తర్వాతా వదలరు. పైగా ఆసుపత్రిలో చేరగానే డాక్టరు రాసే మొదటి కాగితంలోనే ‘2021లో కొవిడ్, ఐసీయూ’ అని ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీ, కొత్త సీటీ, ఊపిరితిత్తుల పరీక్ష రిపోర్టు జతచేసి నిజమే రాయండి. ప్రీమియం పెంచొచ్చు, ఊపిరితిత్తుల జబ్బుకు గరిష్ఠంగా 36 నెలలు ఆగమనొచ్చు. అందుకే ఉద్యోగం ఉండగానే తీసుకోవాలి, ఆ గడువు గ్రూపు పాలసీ నీడలో గడిచిపోతుంది. ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) వద్దు. ఆయనకు విడిగా, మీకు విడిగా తీసుకుంటే ఆయన అదనపు ప్రీమియం మీ మీద పడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై జీఎస్టీ కూడా లేదు.

ఆయనకు గజ్జల్లో నొప్పి, బాసింపట్టు వేసుకోలేకపోవడం ఉన్నాయా? కొవిడ్ చికిత్సలో స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లలో కొందరికి తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతింటుంది. చాలా కొత్త పాలసీల్లో కీలు మార్పిడికి రెండేళ్లు ఆగాలి. ఉంటే ఎంఆర్‌ఐ, ఆపరేషన్ సంగతి గ్రూపు పాలసీలోనే చూసుకోండి.

కరెంటు లెక్క ఇదీ: నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే ఆక్సిజన్ మెషీన్ సుమారు 350 వాట్లు లాగుతుంది. రాత్రికి 9 గంటలంటే మూడు యూనిట్ల పైన, నెలకు 95 దాకా. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే, దాటినదానికే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. మీకు తగిలింది అదే. మెషీన్ ఇంకా అవసరమా అన్నది డాక్టరు తేల్చాలి, రాత్రంతా ఆక్సీమీటర్ పెట్టి చూస్తారు. హోసూరు రోడ్డులోని రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ప్రభుత్వానిదే, అక్కడ చూపించుకోవచ్చు. అవసరమే అంటే, ఇన్నేళ్లు తిరిగిన మెషీన్ ఇచ్చే ఆక్సిజన్ స్వచ్ఛత 90 శాతం కంటే తగ్గిందేమో సర్వీసువాళ్లతో కొలిపించండి. గాలిలోంచి నైట్రోజన్‌ను వడకట్టే లోపలి జల్లెడ గుళికలు చెమ్మ పట్టి అరిగిపోతే గాలి మామూలుగానే వస్తున్నట్టుంటుంది, బిల్లూ అంతే వస్తుంది.