ఆ సూది వైరస్‌ను చంపుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. రెండేళ్ల కిందట గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అన్నారు. కీమో ఇచ్చి, కరెంటు పెట్టారు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కనపడింది. మళ్లీ కీమో ఇచ్చినా తగ్గలేదు. ఇది వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్ కాబట్టి ఆ వైరస్‌నే చంపే కొత్త సూది వచ్చిందని చెన్నైలో ఉన్న మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా? అమ్మ నుంచి మాకు అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ అన్నయ్య చెప్పిన సూది ఉందమ్మా. కానీ అది వైరస్‌ను చంపదు.

ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుంది. మరి వైరస్‌నే ఎందుకు కొట్టకూడదంటే, కణాన్ని చెడగొట్టే వైరస్ ప్రొటీన్లు (ఈ6, ఈ7) కణం లోపల ఉంటాయి. ఇలాంటి సూదిమందులో ఉండే యాంటీబాడీ (గురిని వెతికి అతుక్కునే ప్రొటీన్) కణం పైన కనిపించేదాన్నే పట్టుకోగలదు. ఇంట్లో దాక్కున్న దొంగ వీధిలో తిరిగే పోలీసుకు కనపడడు గదా! అందుకే శాస్త్రవేత్తలు తలుపు మీది గుర్తును పట్టుకున్నారు. ఈ క్యాన్సర్ కణాల పైన టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది. మీ అన్నయ్య చెప్పిన సూది, అంటే టిసోటుమాబ్ వెడోటిన్ అనే మందు, దానికి అతుక్కుంటుంది. కణం దాన్ని లోపలికి మింగాక యాంటీబాడీకి తగిలించిన విషం విడుదలై కణాన్ని చంపుతుంది. ఆ విషం ఎంత ఘాటైనదంటే, విడిగా మనిషికి ఇవ్వలేం.

అమెరికాలో దీనికి 2021లో తొలి అనుమతి, 2024లో పూర్తి అనుమతి వచ్చాయి. కీమో తర్వాత కూడా జబ్బు ముదిరిన 502 మందిపై పరీక్షించారు. కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 9.5 నెలలు దాటి బతికితే, ఇది తీసుకున్నవాళ్లలో సగం మంది 11.5 నెలలు దాటారు. రెండు నెలలేనా అనిపిస్తుంది. నిజమే, కొందరికి అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుంది, కొందరికి అసలు జరగదు. పొలం అమ్మకానికి పెట్టే ముందు ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలియాలి. మందు ఎక్కడ దొరుకుతుందో, మొత్తం ఎంతవుతుందో కూడా ముందే అడగండి.

ఇంకో సంగతి, కళ్లు. ఈ మందు కంటి నల్లగుడ్డు పైపొరను దెబ్బతీయగలదు. మూడు వారాలకొకసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. మొదలుపెట్టే ముందు, తర్వాత కూడా చాలాకాలం ప్రతి డోసుకు ముందు కంటి డాక్టర్‌కు చూపించాలి. చెప్పిన చుక్కల మందులు ఒక్క పూట కూడా మానకూడదు. కళ్లు ఎర్రబడినా, మసకగా కనపడినా తర్వాతి డోసు దాకా ఆగకండి. రక్తస్రావం, చేతులు కాళ్లు తిమ్మిర్లెక్కడం కూడా ఉంటాయి.

మీరు వెంటనే చేయాల్సింది, మొదటి బయాప్సీ చేసిన ఆసుపత్రి నుంచి ఆ బ్లాకు (మైనంలో దాచి ఉంచిన కణితి ముక్క) తీసుకుని క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి వెళ్లడం. టిసోటుమాబ్‌కు దానితో పని లేదు. కానీ ఆ ముక్క మీద హెర్‌2, పీడీ-ఎల్‌1 అనే ప్రొటీన్ల పరీక్షలు చేయిస్తే వేరే మందులకు దారి దొరకవచ్చు.

ఇక అంటుకోవడం మాటకొస్తే, క్యాన్సర్ అంటువ్యాధి కాదు. అమ్మతో కలిసి తినండి, పక్కన పడుకోండి. వైరస్ ముఖ్యంగా లైంగిక సంబంధంతోనే వస్తుంది. మీకు 30 దాటి ఉంటే మీరు స్క్రీనింగ్ చేయించుకోండి. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్ల ఉంటే హెచ్‌పీవీ టీకా వేయించండి. మన దేశంలోనే తయారయ్యే సెర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది.