ఏ దేశం కోర్టు అన్నది ఆర్బిట్రేటర్ తేల్చగలడా?

ప్రశ్న: మాది విజయవాడ, పెళ్లి ఇక్కడే. టెక్సస్‌లో కాపురం. నాలుగేళ్ల బాబు అక్కడే పుట్టాడు. ఐదు నెలల క్రితం చెల్లి పెళ్లికి వచ్చి, అత్తింటివారి మాటలు పడలేక తిరిగి వెళ్లలేదు. మావారు అక్కడ విడాకుల కేసు వేశారు. కొరియర్‌లో కాగితాలొచ్చాయి, టెన్షన్‌తో కవరు తెరవకుండా బీరువాలో పెట్టాను. ఇప్పుడు మావారి పెదనాన్నగారు 'కోర్టులెందుకమ్మా, రిటైర్డ్ జడ్జిగారిని ఆర్బిట్రేటర్‌గా పెట్టుకుందాం, కేసు ఏ దేశంలో నడవాలో ఆయనే చెబుతారు' అంటూ స్టాంపు పేపరు, మరో కాగితం తెచ్చారు. సంతకం పెట్టొచ్చా?
- ఓ సోదరి

జవాబు: పెట్టొద్దు. మూడు పేజీల ఉత్తరంలో రెండున్నర పేజీలు అత్తగారి గురించే. వాటితో ఈ ప్రశ్నకు పనిలేదు. అసలు విషయం మీరు ఫొటో పంపిన ఆ 'మరో కాగితం'లో ఉంది. దాని పేరు 'వేవర్ ఆఫ్ సర్వీస్'. నోటీసు పద్ధతిగా అందకపోయినా ఫర్వాలేదు, ఆ టెక్సస్ కోర్టు పరిధికి (కేసు విచారించే అధికారానికి) లోబడతాను అని మీ చేత రాయించుకుంటున్నారు.

ముందు ఆర్బిట్రేషన్ సంగతి. అంటే ఇద్దరూ ఒప్పుకుని, కోర్టు బయట ఓ మనిషి చేత తీర్పు చెప్పించుకోవడం. విడాకులు, పిల్లల కస్టడీ, గార్డియన్‌షిప్ ఆర్బిట్రేషన్‌తో తేలే వివాదాలు కావని సుప్రీంకోర్టు 2011లో బూజ్ అలెన్ కేసులోనే చెప్పింది. కోర్టుకు పరిధి ఇచ్చేది చట్టం, పెదనాన్నగారు తెచ్చిన పెద్దమనిషి కాదు. అమెరికాలో కుటుంబ తగాదాలకు ఆర్బిట్రేషన్ ఉన్నమాట నిజమే. కానీ విదేశీ అవార్డును, అంటే అక్కడి ఆర్బిట్రేటర్ తీర్పును, మన ఆర్బిట్రేషన్ చట్టం కింద ఇక్కడ అమలు చేయించాలంటే అది వాణిజ్య వివాదమై ఉండాలి. మీ కాపురం వ్యాపారం కాదు కదా.

చెల్లని కాగితమైతే సంతకం పెడితే పోయేదేముంది అనుకోకండి. అవార్డు చెల్లకపోయినా సంతకం మిగులుతుంది. తిరుపతిలో పెళ్లి చేసుకుని అమెరికాలోని మిస్సోరీ కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పులో మినహాయింపులూ ఉన్నాయి. విడాకులివ్వడానికి అవతలి పక్షం ఒప్పుకుంటే, పరిధి లేని కోర్టు ఇచ్చినా అవి చెల్లొచ్చు. ఈ రెండు సంతకాలూ రేపు 'ఈమె ఒప్పుకుంది' అనడానికి సాక్ష్యాలవుతాయి.

బాబు లెక్క వేరు, అది మీకు అంత అనుకూలంగా లేదు. బిడ్డ టెక్సస్ వదిలిన ఆరు నెలల్లోపు, అక్కడే ఉన్న తండ్రి కేసు వేస్తే కస్టడీ పరిధి ఆ రాష్ట్రానిదే. ఇక్కడ ఇంకో నెల గడిపినంత మాత్రాన అది మారదు. మీ రిటర్న్ టికెట్టే 'తాత్కాలికంగా వెళ్లింది' అనడానికి వాళ్లకు సాక్ష్యం. పిల్లలతో అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చిన ఓ తల్లి కస్టడీ పిటిషన్, పిల్లల సాధారణ నివాసం ఇక్కడ కాదన్న కారణంతో 2019లో సుప్రీంకోర్టులో నిలబడలేదు.

ఇక ఆ కవరు. చదువుకున్నవాళ్లు చేసే పనేనా అది? టెక్సస్ సమన్లలో గడువు రాసి ఉంటుంది: అందాక 20 రోజులు నిండిన తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటలలోపు జవాబు. పోస్టులో విదేశీ సమన్లు పంపడానికి హేగ్ సర్వీస్ ఒప్పందం కింద మన దేశం అభ్యంతరం చెప్పింది, న్యాయశాఖ ద్వారా రావాలి. అది మీ లాయరు వాడుకునే పాయింటు, మీరు నిద్రపోవడానికి కాదు. మీరు లేకుండానే అక్కడ ఇచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇక్కడ చెల్లకపోయినా అక్కడి ఇల్లు, బ్యాంకు డబ్బు, బాబు కస్టడీ విషయంలో అక్కడ పనిచేస్తుంది.

ఈ రోజే కవరు తెరవండి. కొరియర్ చీటీతో సహా దాచండి, అందిన తేదీ రాసుకోండి. టెక్సస్‌లో లాయరును పెట్టుకోండి. మీ మీద ఆ కోర్టుకు పరిధి లేదనే అభ్యంతరం వేసేట్టయితే మీ తరఫున దాఖలయ్యే మొదటి కాగితం అదే కావాలి. మామూలు జవాబు ముందు వేస్తే ఆ హక్కు పోతుంది. మొన్నటిదాకా అక్కడే ఉన్నారు కాబట్టి అది గెలుస్తుందని నేను మాటివ్వను.

రాజీ కావాలంటే మీడియేషన్‌కు వెళ్లండి. తెలుగులో రెండింటినీ మధ్యవర్తిత్వమనే అంటాం, అక్కడే తికమక. ఆర్బిట్రేటర్ తీర్పు చెబుతాడు, మీడియేటర్ మీ ఇద్దరిచేత ఒప్పందం చేయిస్తాడు. కుదిరితే పరస్పర అంగీకార విడాకులకు విజయవాడ ఫ్యామిలీ కోర్టులో వేయొచ్చు. విడిగా ఏడాది ఉండాలి కాబట్టి ఇంకో ఏడు నెలలు ఆగాలి. బాబు గురించి కుదిరిన షరతులకు టెక్సస్ కోర్టులోనూ ఆర్డరు తీసుకోండి.

పెదనాన్నగారికి నోటితోనే చెప్పండి. వాట్సాప్‌లో 'సరేనండి' అని కూడా పెట్టకండి.