సెలవు రోజు గాజులు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఊరి మహిళా కబడ్డీ జట్టు సాధనకు ఒకరోజు విరామమిచ్చి సూర్యలంక సముద్రతీరానికి వెళ్లిన ఆదివారం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. బస్సు, పాటలు, పులిహోర పొట్లాలు, సరుగుడు చెట్ల నీడ అన్నీ ఉన్నాయి. కానీ ఆ పన్నెండు మంది స్థానంలో ఏ కాలేజీ పిల్లలను పెట్టినా ఒక్క వాక్యం కూడా మార్చనక్కరలేదు. ‘కేరింతలు కొట్టారు’ అని నాలుగు చోట్ల రాశావు. కేరింతలు ఎవరైనా కొడతారు.

ఒకచోట మాత్రం ఆగిపోయాను. ఒకమ్మాయి బస్సెక్కగానే చేతులకు మట్టిగాజులు తొడుక్కుందని రాసి, మరుక్షణమే కెరటాల దగ్గరికి వెళ్లిపోయావు. కబడ్డీలో నగలతో కోర్టులోకి దిగనివ్వరు, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. పట్టుపట్టే చేయి ఎదుటివాళ్ల ఒంటిని గీరకూడదు కదా. సాధన రోజులన్నిటా బోసిగా ఉండే మణికట్టుకు గాజులు ఎక్కాయంటే, సెలవు వచ్చిందని వేరే చెప్పవలసిన పని లేదు. అవి ఏ రంగువి, ఎక్కడ కొన్నది, పట్లు పట్టి పట్టి మొరటుబారిన ఆ చేతిమీదుగా ఎక్కించడానికి పక్కనున్న పిల్ల ఎంత అవస్థపడింది, అన్నీ అడిగి తెలుసుకో. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది.

సెలవు ఇచ్చినంత మాత్రాన ఆట ఒంట్లోంచి దిగిపోదు. నిరుడు ఇలాంటి జట్టునే ఒకదాన్ని అదే తీరంలో చూశాను. వెనక్కి తగ్గుతున్న కెరటాన్ని ఒకమ్మాయి కాలి బొటనవేలితో అంటి, అది మళ్లీ విరుచుకుపడేలోగా చూపు దాని మీదే నిలిపి వెనక్కి దూకేది. మిగతావాళ్లు తడి ఇసుకలో మడమతో గీత గీసి, ముప్పై దాకా లెక్కపెడుతున్నారు. కూతకు ఇచ్చేది 30 సెకన్లే మరి. దగ్గరికి వెళితే, కెరటాల హోరులో ఆమె కూత సన్నగా వినిపించింది. (నువ్వు ‘రైడ్’ అని రాశావు, పిల్లలూ అలాగే అంటారు, తప్పులేదు, అయినా ‘కూతకు వెళ్లడం’ అన్న మాటను వదులుకోకు.) 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో మన మహిళలు చైనీస్ తైపీని (అంటే తైవాన్ జట్టును) 26–25తో ఓడించి స్వర్ణం గెలిచారు. ఆ ఒక్క పాయింటు విలువ తెలిసిన పిల్లలు కెరటంతో ఆడినా కాలి కొసను అంత జాగ్రత్తగానే వాడతారు. ఈ లెక్కను వ్యాసంలోకి ఎక్కించవద్దు, రాసేటప్పుడు మనసులో ఉంచుకుంటే చాలు.

కోచ్ గారిని నువ్వు పూర్తిగా మరచిపోయావు. రోజూ శ్రమే తప్ప విశ్రాంతి లేకపోతే కండరాలు కోలుకోవు, మోకాళ్లు, చీలమండలు దెబ్బతింటాయి. కాబట్టి ఆ సెలవు కూడా ఆయన సాధనలో భాగమే. అందరూ నీళ్లలో ఉన్నప్పుడు ఇసుకలో ఎవరి అడుగు తేడాగా పడుతోందో ఆయన గమనిస్తూ ఉండి ఉంటారు. అడుగు, చెబుతారు.

తిరుగు ప్రయాణం గురించి రాసిన చివరి పేరా తీసెయ్యి. సోమవారం తెల్లవారుజామున మైదానానికి వెళ్లి, ఆ అమ్మాయి గాజులు తీసి సంచిలో దాచుకుంటుందో, గట్టు మీద వరసగా పేర్చుకుంటుందో, ఎవరి చేతికైనా ఇస్తుందో చూసి, ఆ తర్వాత కొత్త ప్రతి పంపు.

ఆశీస్సులతో.